లోపం కాదు

గోడలకు గుద్దుకోవడం నా ఉద్యోగం.
తొమ్మిదిన్నరకి రుషికొండ మీద ఆఫీసుకెక్కి
కార్డు గీకి, ఏసీ చలికి చున్నీ చుట్టుకుని
ఎస్టోనియా అనే దేశంలో
ఒక రేవూరి గోడలన్నిటికీ
వరసగా గుద్దుకుంటాను.
ఎక్కడైనా గోడ నన్ను ఆపకపోతే
ఆ చోటుకి నంబరేసి పంపిస్తాను.
మర్నాటికి అక్కడ గోడ గట్టిపడుతుంది.

ఆ దేశం దేశమంతా కలిపినా
గాజువాక నుంచి మధురవాడ దాకా ఉన్న జనానికి సరితూగదట.
ఆ ఆట తయారుచేసేది పదకొండు మంది.
మా పెదజాలరిపేటలో పెద్దవల లాగాలంటే
అంతకంటే ఎక్కువ చేతులు కావాలి.

"ఆడుకుంటే జీతవిస్తారేటే?" అంటుంది అమ్మ.
ఆడనమ్మా, పడతాను.
రోజుకి నాలుగొందలసార్లు నేల చీలి కిందికి పోతాను,
పడ్డచోటు రాసుకుని మళ్ళీ లేస్తాను.

ఓ శనివారం లాప్‌టాప్ ఇంటికి తెచ్చాను.
బీడీ ఆర్పి తెర మీదికి వంగాడు ఎల్లాజీ తాత.
రేవు చివర ముసలాడొకడు వల బాగుచేస్తున్నాడు.
పన్నెండు సెకన్లకోసారి అతని చేతులు
మొదటికొస్తున్నాయి.
"ఆడెవడు? పేరేటి?"
పెట్టలేదు తాతా.
"పేరు లేపోతే పోయింది, ముడి తప్పేసేడు.
అలగ ముడేస్తే ఒక్క సేపా నిలవదు."
కండె తెచ్చి, నా వేలికి దారం చుట్టి
వేసి చూపించాడు. నిదానంగా, రెండుసార్లు.
ఫోన్లో తీశాను.
రెండువేల నూట పద్నాలుగో లోపం: వల ముడి.

వారం తర్వాత తావి రాశాడు, అక్కడి పెద్ద:
సరిచేశాం. ఆ చేతులు ఎవరివి?

ఆ ధైర్యంతోనే సముద్రం మీద రాశాను.
మీ నీళ్ళు పొద్దున గుంజకి ఎంతదాకా ఉన్నాయో
సాయంత్రానికీ అంతే ఉన్నాయి.
ఆటు లేదు, పోటు లేదు.
పెద్ద లోపం. అత్యవసరం. ఎర్రరంగు.
జవాబు ఒక్క ముక్క:
లోపం కాదు, మా సముద్రం అంతే.

చాలాసేపు కిటికీ దగ్గర నించున్నాను.
కింద మా సముద్రం
రాళ్ళ దాకా పరుగున వచ్చి
ఏదో మరిచిపోయినట్టు వెనక్కి పోతోంది.
అంత కదలని నీళ్ళ పక్కన పెరిగితే
మనిషి ఎలా కోప్పడతాడు?
తాతకి చెబితే నమ్మలేదు.
"మరి ఏటకి ఏ ఏళకెల్తారు?"

డిసెంబరులో ఓ సాయంత్రం అందర్నీ తెర ముందుకి పిలిచారు.
మాకు ఏడు, వాళ్ళకి మూడున్నర.
రెండు కిటికీల్లోనూ చీకటే.
ఎవరో పెద్దవాళ్ళు కొనేశారట,
కొన్నవాళ్ళకి రేవు అక్కర్లేదట.
తావి గొంతు ఎక్కడా పెరగలేదు, తగ్గలేదు.
ఇటు హరిణి ఏడ్చేసింది, సత్యకిశోర్ బల్ల గుద్దాడు.
నేను ఆ గొంతునే వింటున్నాను,
గుంజకి ఎంతదాకా ఉందో అంతే ఉంది.

ఒక సంగతి ఎవరికీ చెప్పలేదు.
ఉప్పు గిడ్డంగి వెనక, మెట్ల కింద
ఒక గోడ నన్ను ఆపదు.
మార్చి నుంచీ తెలుసు. నంబరెయ్యలేదు.
అటు దాటితే నేల కూడా ఉండదు,
బూడిదరంగులో తేలుతుంటాను.
అక్కణ్ణించి తిరిగి చూస్తే
ఊరంతా వెనకవైపు నుంచి కనిపిస్తుంది,
ఇళ్ళు ఒట్టి రేకులు, చర్చికి లోపల ఏమీ లేదు,
ముసలాడొక్కడే నిండుగా ఉన్నాడు,
మా పేట ముడి వేస్తూ.

ఆఖరిరోజు మధ్యాహ్నం డబ్బా విప్పకుండా
అక్కడికెళ్ళి కాసేపున్నాను.
పన్నెండు సెకన్లు. మళ్ళీ పన్నెండు.

కార్డు ఇచ్చేసి కొండ దిగి ఇంటికొస్తే
గుమ్మంలోనే తాత:
"ఆడికి పేరెట్టేరేటే?"
పెట్టారన్నాను.
ఏం పేరని అడగలేదు.
కండె అందుకున్నాడు.